తీగ లాగితే పందికొక్కు కదిలింది!

పడుకునే ముందు ఒక్క విషయం చూసి ఫోన్ పక్కన పెట్టేద్దాం అనుకుంటాం. వికీపీడియాలో ఆ పేజీ తెరుస్తాం. మధ్యలో నీలం రంగులో ఓ పదం ఊరిస్తుంది. నొక్కుతాం. అక్కడ ఇంకోటి. అదీ నొక్కుతాం. గంటన్నర తర్వాత చూసుకుంటే, క్రికెట్ స్కోరు దగ్గర మొదలైన మనం థాయ్‌లాండ్ రాజుగారి జ్వరం గురించి చదువుతుంటాం. ఇక్కడికెలా వచ్చాం అంటే గుర్తుండదు!

ఈ అలవాటు మీ ఒక్కరికే కాదు, ప్రపంచమంతటా ఉంది. దీని మీద ఆటలే పుట్టాయి. ఒక పేజీ నుంచి మొదలుపెట్టి, లింకులు మాత్రమే నొక్కుతూ, ఇంకో పేజీకి ఎవరు ముందు చేరతారో పోటీ. దాని పేరు వికీరేసింగ్. ఇంకో తమాషా కూడా ఉంది. ఇంగ్లిష్ వికీపీడియాలో ఏ వ్యాసమైనా తెరిచి, బ్రాకెట్లలో ఉన్నవి వదిలేసి, మొదటి లింకు నొక్కండి. ఆ పేజీలో మళ్లీ మొదటి లింకు. అలా వెళ్తూ ఉంటే దాదాపు ప్రతిసారీ చివరికి 'తత్వశాస్త్రం' పేజీకి చేరతాం. 2016 నాటి లెక్క ప్రకారం 97 శాతం వ్యాసాలు అటే దారి తీస్తాయట. పానీపూరీతో మొదలుపెట్టినా వేదాంతమే అన్నమాట!

అసలు 'వికీ' అన్న మాటే ఇలాంటి తమాషా. హవాయి భాషలో 'వికీ' అంటే 'త్వరగా'. హొనొలులు విమానాశ్రయంలో 'వికీ వికీ' అనే బస్సు తిరిగేది. ఎవరైనా దిద్దగలిగే వెబ్‌సైటును మొదటిసారి తయారుచేసిన వార్డ్ కన్నింగ్‌హామ్‌కి ఆ బస్సు పేరు గుర్తొచ్చి, 1995లో తన సైటుకు పెట్టేశాడు. 2001 జనవరి 15న జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ మొదలుపెట్టిన విజ్ఞాన సర్వస్వానికీ అదే పేరు అతుక్కుంది.

సరే, ఈ లింకుల అడవిలో మన తెలుగు నేలకు చుట్టరికం ఉన్న తీగలు కొన్ని లాగి చూద్దాం. ఒక్కోటీ ఎంత దూరం పోతుందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆఖర్లో ఒక తిరకాసు కూడా ఉంది, మధ్యలో వదిలేయకండి.

మన కొక్కు... ప్రపంచ యాత్ర

పందికొక్కు అంటే మనకు తిట్టు. తిండిబోతుని 'పందికొక్కులా మేస్తున్నాడు' అంటాం. ధాన్యం గాదె కింద బొరియలు తవ్వే ఆ జంతువును చూసి ముచ్చటపడేవాళ్లు మనూళ్లో ఎవరూ ఉండరు. కానీ అది ఇంగ్లిష్ నిఘంటువులోకి ఎక్కింది. 18వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన ఇంగ్లిష్‌వాళ్లు ఆ పెద్ద ఎలుకను చూసి, మనవాళ్ల నోట విన్న పేరును తమకు పలికినట్టు పలికారు: 'బాండికూట్'. శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకేసి ఆ జాతికి 'బాండికోటా' అని శాస్త్రీయ నామమే ఇచ్చేశారు.

కథ అక్కడితో ఆగలేదు. అదే ఇంగ్లిష్‌వాళ్లు ఆస్ట్రేలియా వెళ్లారు. అక్కడ పొడుగు మూతితో, నేల తవ్వుతూ తిరిగే చిన్న జంతువు కనిపించింది. 'అరే, ఇది బాండికూట్ లాగే ఉందే' అని అదే పేరు పెట్టేశారు. నిజానికి రెండింటికీ బంధుత్వం లేదు. మనది ఎలుక జాతి. ఆస్ట్రేలియాది కంగారూ లాగా పిల్లను సంచిలో మోసే రకం. ఆ సంచి మూతి కూడా వెనక్కి తిరిగి ఉంటుంది. ముందుకు ఉంటే నేల తవ్వినప్పుడల్లా మట్టంతా లోపలున్న పిల్లల మీద పడేది మరి!

ఆ ఆస్ట్రేలియా జంతువే 1996లో అమెరికాలో వీడియో గేమ్ హీరో అయ్యింది. ప్లేస్టేషన్ ఆడినవాళ్లకు 'క్రాష్ బాండికూట్' తెలియకుండా ఉండదు. ఆపిల్ పళ్లలాంటివి ఏరుకుంటూ, గిరగిరా తిరుగుతూ, డబ్బాలు పగలగొట్టే ఆ నారింజ రంగు బొమ్మ పేరులో ఉన్నది మన పందికొక్కే. ప్రపంచమంతా పిల్లలు తెలియకుండానే ఒక తెలుగు మాట పలుకుతూ ఆడుకున్నారు.

ఇంకొక్క లింకు నొక్కితే కథ మన దేశానికే తిరిగొస్తుంది. కేరళకు చెందిన జెన్‌రోబోటిక్స్ అనే స్టార్టప్ మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబోను తయారుచేసింది. 2018లో తిరువనంతపురంలో పని మొదలుపెట్టిన ఆ రోబో పేరూ 'బాండికూట్'. మ్యాన్‌హోల్‌లో దిగిన మనుషులు విషవాయువులకు ఊపిరాడక చనిపోయారన్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మనుషులతో అలాంటి పని చేయించకూడదని 1993లో ఒకటి, 2013లో ఇంకొకటి చట్టాలు వచ్చాయి. అయినా దిగుతూనే ఉన్నారు. వాళ్ల బదులు దిగడానికి ఒక యంత్రం చేసి, దానికి బొరియల్లో తిరిగే జంతువు పేరు పెట్టారు. మన గాదె కింద తిట్లు తిన్న కొక్కు పేరు, ఓ మనిషి ప్రాణం కాపాడే యంత్రానికి వచ్చి చేరింది. ఇంతకంటే మంచి ప్రమోషన్ ఏ మాటకైనా వచ్చి ఉంటుందా?

గుంటూరు ఆకాశం... సయాం రాజు... సికింద్రాబాద్ దోమ

రెండో తీగ. బర్త్‌డే పార్టీలో బెలూన్లు పైకెగరాలంటే లోపల హీలియం ఉండాలి. ఆ వాయువు కథలో మన గుంటూరు ఉంది.

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ వెళ్లే దారిలో మన కోస్తా కూడా ఉంది. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరుకు వచ్చాడు. బ్రిటిష్ బృందమొకటి కూడా గుంటూరులోనే మకాం వేసింది. మద్రాసు అబ్జర్వేటరీని నడిపే నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు సర్దుకున్నాడు. సూర్యుడి అంచున మంటల్లా ఎగసే ఆ ఎర్రటి నాలుకలు ఏమిటో తేల్చాలన్నది అందరి ఆరాటం.

వెలుగును రంగుల గీతలుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌తో చూస్తే ఆ మంటలు వాయువులని తేలింది. జాన్సన్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. గీతలు ఇంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడొచ్చు కదా? మర్నాడు పొద్దున గుంటూరులోనే ప్రయత్నించాడు. కనిపించాయి! అప్పటిదాకా గ్రహణం రోజున కొన్ని నిమిషాలే దొరికే దృశ్యం ఇక రోజూ చూసుకోవచ్చు.

ఆ గ్రహణం రోజున కొందరికి ఓ పసుపు గీత కనిపించింది. మచిలీపట్నంలో పోగ్సన్ కూడా దాన్ని రాసిపెట్టాడు. అది మనకు తెలిసిన సోడియం గీతే అనుకున్నారు. రెండు నెలల తర్వాత, అక్టోబరు 20న, ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే సూర్యుణ్ని చూశాడు. ఆ పసుపు గీత సోడియం గీతల పక్కనే ఉన్నా, వాటితో కలవడం లేదని గుర్తించాడు. అంటే భూమ్మీద ఎవరికీ తెలియని కొత్త పదార్థం! గ్రీకు భాషలో సూర్యుడు 'హీలియోస్'. అలా 'హీలియం' అయ్యింది. భూమ్మీద అది దొరకడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది. విలియం రామ్సే ఓ యురేనియం ఖనిజంలోంచి దాన్ని పట్టుకున్నాడు.

సినిమాటిక్ ట్విస్టు ఏంటంటే, గుంటూరు నుంచి జాన్సన్ పంపిన ఉత్తరం, ఇంగ్లండ్ నుంచి లాకియర్ పంపిన ఉత్తరం, ఫ్రెంచ్ సైన్స్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. ఎవరు ముందు అని కొట్టుకోవాల్సిన పని లేకుండా ఫ్రాన్స్ ప్రభుత్వం ఇద్దరి బొమ్మలూ ఒకే పతకం మీద వేయించింది. జాన్సన్ గ్రహణాల పిచ్చి మామూలుది కాదు. 1870లో శత్రు సైన్యం పారిస్‌ను చుట్టుముడితే, అల్జీరియాలో గ్రహణం చూడ్డానికి బెలూన్ ఎక్కి నగరం దాటేశాడు. అన్ని కష్టాలూ పడి అక్కడికి చేరితే, ఆ రోజు మబ్బులు కమ్మేశాయి!

ఆ 1868 గ్రహణం పేజీలోనే ఇంకో లింకు ఉంటుంది: 'సయాం రాజు గ్రహణం'. సయాం అంటే ఇప్పటి థాయ్‌లాండ్. అప్పటి రాజు మోంగ్‌కుట్‌కి ఖగోళ శాస్త్రం ప్రాణం. గ్రహణం ఎప్పుడు పడుతుందో, ఎక్కడ బాగా కనిపిస్తుందో స్వయంగా లెక్క కట్టాడు. విదేశీ అతిథుల్ని కూడా పిలుచుకుని వా కో అనే చోటికి వెళ్లాడు. లెక్క తప్పలేదు. కానీ ఆ చిత్తడి నేలలో ఆయనకు మలేరియా తగులుకుంది. అక్టోబరు 1న చనిపోయాడు. సూర్యచంద్రులు ఎప్పుడు ఎక్కడుంటారో లెక్కగట్టిన మనిషికి, తనను కుట్టిన దోమ ఏం చేస్తుందో తెలియదు. ఆయనకే కాదు, అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

అది తెలిసిన చోటు మళ్లీ మన దగ్గరే. 'మలేరియా' లింకు నొక్కండి, తిన్నగా సికింద్రాబాద్‌లో దిగుతారు. రాజు పోయిన 29 ఏళ్లకు, 1897 ఆగస్టు 20న, బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఓ దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆ ప్రయోగానికి తన ఒంటి రక్తం ఇచ్చిన రోగి పేరు కూడా చరిత్రలో ఉంది: హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. నోబెల్ బహుమతి వెనక ఓ పేదవాడి చేతి మీద దోమకాట్లు ఉన్నాయి.

హీలియం, సయాం, సికింద్రాబాద్. ఈ మూడింటినీ ఏ పాఠ్యపుస్తకమూ ఒక పేజీలో పెట్టదు. లింకుల సరదా అదే.

పోస్టులో వెళ్లిన వజ్రం

మూడో తీగ మెరుస్తుంది. 'గోల్కొండ వజ్రాలు' గోల్కొండలో దొరకలేదు. అక్కడ జరిగింది వ్యాపారం. తవ్వకాలు జరిగినవి కృష్ణా తీరంలో, ముఖ్యంగా పల్నాడులోని కొల్లూరు లాంటి చోట్ల. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచ్ వర్తకుడు టావెర్నియే, కొల్లూరు గనిలో దాదాపు 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఈ రోజు అక్కడికెళ్తే చూడ్డానికి గని లేదు. పులిచింతల ప్రాజెక్టు నీళ్లున్నాయి.

టావెర్నియే ఇక్కడి నుంచి తీసుకెళ్లిన ఓ పెద్ద నీలి వజ్రాన్ని ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి అమ్మాడు. అది కొల్లూరుదేనని ఎక్కువమంది అభిప్రాయం. ఫ్రెంచ్ విప్లవం గొడవల్లో 1792లో దొంగలు ఎత్తుకుపోయారు. తర్వాత రూపం మారి లండన్‌లో తేలింది. కొన్నాళ్లకు హోప్ అనే ధనిక కుటుంబం చేతికొచ్చి 'హోప్ డైమండ్' అయ్యింది. ఇప్పుడు 45.52 క్యారట్లు. 1958లో దాని యజమాని, నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్, దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చేశాడు. ఎలా పంపాడో తెలుసా? తుపాకుల కాపలాతో కాదు. గోధుమరంగు కాగితం చుట్టి, రిజిస్టర్డ్ పోస్టులో! పోస్టేజీ 2 డాలర్ల 44 సెంట్లు. బీమా సొమ్ముతో కలిపి మొత్తం 145 డాలర్ల 29 సెంట్లు. పోస్ట్‌మ్యాన్ తెచ్చి చేతిలో పెట్టాడు.

అయితే ఈ వజ్రానికి ఇంకో ఫేమస్ కథ ఉంది. అదే 'శాపం'. విగ్రహం కన్ను పీకి టావెర్నియే దొంగిలించాడని, అందుకే కుక్కలు అతన్ని చీల్చి చంపాయని చెబుతారు. యూట్యూబ్‌లో భయపెట్టే మ్యూజిక్‌తో ఈ కథ బోలెడు వీడియోల్లో ఉంది. నిజానికి టావెర్నియే ఎనభై దాటిన వయసులో రష్యాలో పోయాడు. శాపం కథకు మసాలా దట్టించినవాళ్లలో నగల వ్యాపారులూ ఉన్నారు. పియర్ కార్టియర్ ఓ అమెరికన్ శ్రీమంతురాలికి ఆ వజ్రాన్ని అంటగట్టేటప్పుడు ఈ కథలన్నీ వినిపించాడు. మామూలు రాయికంటే శాపం ఉన్న రాయికి గిరాకీ ఎక్కువ!

ఇక్కడే మనం చెప్పుకుందామన్న తిరకాసు మొదలవుతుంది. పోస్టు కథ, శాపం కథ రెండూ వినడానికి ఒకేలా 'అబ్బో' అనిపిస్తాయి. ఒకటి జరిగింది, ఒకటి అల్లింది. ఫోన్ తెరమీద రెండింటి అక్షరాలూ ఒకే సైజులో ఉంటాయి. మరి తేడా ఎలా తెలుస్తుంది?

లేని పేరు... జరగని యుద్ధం

పందికొక్కు పేరు ఆస్ట్రేలియా వెళ్లడానికి ఏళ్లు పట్టింది. ఓ జంతువుకు కొత్త పేరు అంటగట్టడానికి మన కాలంలో ఒక్క నిమిషం చాలు.

2008లో ఓ అమెరికా కుర్రాడు బ్రెజిల్ టూర్‌కి వెళ్లి 'కోటీ' అనే జంతువులను చూశాడు. అవి ఆర్డ్‌వార్క్‌లు అనుకున్నాడు. ఆర్డ్‌వార్క్ ఉండేది ఆఫ్రికాలో. ఇంటికొచ్చాక సరదాగా వికీపీడియాలో కోటీ వ్యాసం తెరిచి, 'దీన్ని బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్ అని కూడా అంటారు' అని ఒక్క ముక్క చేర్చాడు. ఎవరో తీసేస్తారులే అనుకున్నాడు. ఎవరూ తీయలేదు. కొన్నేళ్లలో బ్రిటన్ పెద్ద పత్రికలు ఆ పేరు వాడాయి. యూనివర్సిటీ ప్రెస్సు వేసిన పుస్తకంలోనూ వచ్చింది. అప్పుడు జరిగింది అసలు వింత. వికీపీడియాలో ఆ వాక్యానికి ఆధారం కావాలి కదా? ఆ పత్రికల్లో ఒకదాని వార్తనే ఆధారంగా పెట్టారు! పాము తన తోకను తానే మింగినట్టు. రాసింది కుర్రాడు. చూసి రాసింది పత్రిక. పత్రికను చూపించి నిజమన్నది వికీపీడియా. 2014లో కథ బయటపడింది.

ఇది చిన్న తుంటరి పనే. రెండోది పెద్దది, అదీ మన దేశం గురించి. 2007 జులైలో ఇంగ్లిష్ వికీపీడియాలో 'బిచోలిమ్ సంఘర్షణ' అనే వ్యాసం వచ్చింది. 1640-41 మధ్య గోవాలోని పోర్చుగీసువారికీ మరాఠాలకూ జరిగిన యుద్ధమట. దాదాపు 4,500 పదాలు. కారణాలు, పోరాటాలు, సంధి, కింద పుస్తకాల పేర్లు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో దానికి 'మంచి వ్యాసం' అన్న గుర్తింపు కూడా ఇచ్చారు. అయిదేళ్లు గడిచాయి. 2012 డిసెంబరులో ఓ ఓపికగల పాఠకుడు అందులో చెప్పిన పుస్తకాలను వెతికాడు. ఆ పుస్తకాలే లేవు. యుద్ధమూ లేదు. వ్యాసం తీసేశారు.

ఈ అయిదేళ్లలో దాన్ని చదివినవాళ్లు అందరూ అమాయకులేం కాదు. అందరూ పైనున్న కథ చదివారు. కిందున్న పుస్తకం పేరు ఒక్కరూ వెతకలేదు. వెతికిన రోజున కథ కూలిపోయింది. అంతే తేడా.

భాషనే మార్చేసిన పిల్లాడు

అబద్ధం రాస్తేనే నష్టమా? మంచి ఉద్దేశంతో రాసినా నష్టం జరగొచ్చు. స్కాట్లండ్‌లో ఇంగ్లిష్‌కు చుట్టమైన 'స్కాట్స్' అనే భాష ఉంది. దానికీ ఓ వికీపీడియా ఉంది. 2020 ఆగస్టులో ఎవరో గమనించి బయటపెట్టారు: అందులో ఇరవై వేలకు పైగా వ్యాసాలు రాసింది ఒకే ఒక్క అమెరికా కుర్రాడు. మొదలుపెట్టేటప్పటికి అతని వయసు 12 ఏళ్లు. అతనికి స్కాట్స్ భాష రాదు! ఇంగ్లిష్ వాక్యం రాసి, నిఘంటువు చూసి ఒక్కో మాటా మార్చేవాడు, లేదంటే స్పెల్లింగు వంకర తిప్పేవాడు. ఏళ్ల తరబడి రోజూ కూర్చుని చేశాడు. చెడు ఉద్దేశం ఏమీ లేదు. సాయం చేస్తున్నా అనుకున్నాడు.

ఇంటర్నెట్లో తమ భాష ఎలా ఉంటుందో చూద్దామని వచ్చిన లోకానికి కనిపించింది ఆ కుర్రాడి వంకర ఇంగ్లిష్. అది చూసి 'స్కాట్స్ అసలు భాషే కాదు, తప్పుల ఇంగ్లిష్' అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ భాష మాట్లాడేవాళ్లకు ఎంత బాధగా ఉంటుందో ఊహించండి. ఎవరూ గమనించకపోవడానికి కారణం ఒక్కటే. ఆ భాష తెలిసినవాళ్లు అక్కడ లేరు. ఇల్లు ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు వచ్చి గోడలకు రంగులేశారు.

ఇంకో విచిత్రం కూడా చూడండి. వ్యాసాల సంఖ్యలో ఇంగ్లిష్ తర్వాత రెండో స్థానంలో ఉన్న వికీపీడియా ఏ భాషదో చెప్పగలరా? జర్మన్, ఫ్రెంచ్, హిందీ... ఏవీ కావు. ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే సెబువానో! స్వీడన్‌కు చెందిన స్వెర్కర్ యోహాన్సన్ తయారుచేసిన ఒక బాట్ లక్షల కొద్దీ చిన్న చిన్న వ్యాసాలు రాసిపడేసింది. మొక్కలు, పురుగులు, ఊళ్లు, కొండలు. సంఖ్య చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ వ్యాసాల్లో చాలా భాగం మనిషి చెయ్యి పడనివి.

మరి మన సంగతేంటి?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. జీతం లేకుండా, ఆఫీసు అయ్యాక, రిటైరయ్యాక, పరీక్షల మధ్య కూర్చుని రాసిన మనుషుల కష్టం అది. అందులో రాసేవాళ్లు మాట్లాడుకునే పేజీ పేరేంటో తెలుసా? 'రచ్చబండ'. పేరు వింటేనే కూర్చోబుద్ధేస్తుంది.

కానీ ఆ రచ్చబండ దగ్గర రోజూ కూర్చునేవాళ్లు కోట్లలో, లక్షల్లో లేరు. చాలా కొద్దిమంది. మనూరి పేజీ ఒకసారి తెరిచి చూడండి. జనాభా, విస్తీర్ణం, దగ్గరి పట్నానికి ఎన్ని కిలోమీటర్లు అన్నవి ఉంటాయి. ఊళ్లో జాతర ఎప్పుడు, చెరువు ఎవరు తవ్వించారు, ఊరికి ఆ పేరెలా వచ్చింది అన్నవి చాలా పేజీల్లో ఉండవు. అవి తెలిసినవాళ్లు మన అరుగుల మీదే ఉన్నారు. వాళ్ల దగ్గర ఫోనుంది కానీ రాసే అలవాటు లేదు. మనకు రాయడం వచ్చు కానీ వాళ్లను అడగం.

ఇప్పుడు ఇది ఇంకాస్త ముఖ్యం. మీరు ప్రశ్న అడిగితే టకటకా జవాబు చెప్పే ఏఐ చాట్‌బాట్‌లకు శిక్షణ ఇచ్చేటప్పుడు వికీపీడియా రాతలను కూడా వాడతారు. ఒక భాషలో తప్పులుంటే అవి తప్పులే నేర్చుకుంటాయి. ఖాళీలుంటే ఆ చోట ఏదో ఒకటి అల్లి చెబుతాయి. 'కోటీ'కి లేని పేరు వచ్చినట్టే రేపు మన ఊరికి లేని చరిత్ర రావచ్చు. దాన్ని చూసి ఎవరో రాస్తారు. ఆ రాత చూపించి ఇంకెవరో నిజమంటారు.

ఫార్వర్డ్ కొట్టే ముందు

పైన చెప్పుకున్న హీలియం కథనే తీసుకోండి. దీన్ని వాట్సాప్ గ్రూపులో ఒక్క లైనుకు కుదిస్తే ఏమవుతుంది? 'హీలియంను గుంటూరులో కనిపెట్టారు!' వినడానికి ఎంత బాగుంది! కానీ అందులోంచి మచిలీపట్నం పోయింది, లాకియర్ పోయాడు, 1895 పోయింది. మిగిలింది సగం నిజం. గుంటూరు పాత్ర గొప్పదే. ఆ గొప్ప చెప్పుకోవడానికి మిగతావాళ్లను చెరిపేయక్కర్లేదు. సగం నిజంతో చిక్కేంటంటే, రేపెవరో దాన్ని తప్పని తేలిస్తే ఉన్న సగం కూడా ఎవరూ నమ్మరు.

అందుకే ఆశ్చర్యంగా ఉన్న ముక్క కనపడగానే షేర్ బటన్ మీదికి పోయే వేలిని రెండు నిమిషాలు ఆపండి. చేయాల్సిన పనులు పెద్ద కష్టమైనవేం కాదు.

వాక్యం పక్కన చిన్న అంకె ఉందా చూడండి. నొక్కితే ఆధారం కనిపిస్తుంది. అంకె లేకపోయినా, 'ఆధారం చూపాలి' అని ఉన్నా ఆ ముక్క ఇంకా పచ్చిదే అనుకోండి.

ఆధారం ఉంటే అది ఏ ఏడాదిదో చూడండి. వికీపీడియాలో ఆ మాట చేరాక వచ్చిన వార్త అయితే, బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్‌ని గుర్తు తెచ్చుకోండి.

ప్రతి వ్యాసానికీ 'చరిత్ర' అని ఒక పేజీ ఉంటుంది. ఏ మాట ఎవరు, ఏ రోజు చేర్చారో మొత్తం అందులో ఉంటుంది. పక్కనే 'చర్చ' పేజీలో దాని మీద జరిగిన వాదనలుంటాయి. చాలాసార్లు వ్యాసం కంటే అవే మజాగా ఉంటాయి!

అదే విషయాన్ని ఇంకో భాష వికీపీడియాలో కూడా చూడండి. తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఇంకోటి ఉంటే, ఎక్కడో ఏదో తేడా ఉందన్నమాట.

తప్పు కనిపిస్తే? 'ఎవరో ఒకరు దిద్దుతారులే' అని ఆ బ్రెజిల్ వెళ్లొచ్చిన కుర్రాడు కూడా అనుకున్నాడు. ఆ ఎవరో ఒకరు మీరే ఎందుకు కాకూడదు? పైన పెన్సిల్ గుర్తు ఉంటుంది. నొక్కి, సరైన ఆధారం పెట్టి దిద్దండి. ఒక అక్షర దోషం సరిచేసినా సరే, అది పనే.

ఇంకో పని కూడా ఉంది. తెలుగు వికీపీడియాలో 'యాదృచ్ఛిక పేజీ' అని ఒక లింకు ఉంటుంది. నొక్కితే లక్ష వ్యాసాల్లోంచి ఏదో ఒకటి తెరుచుకుంటుంది. ఓ ఊరు రావచ్చు, ఓ పాత సినిమా రావచ్చు, ఓ పక్షి రావచ్చు. ఈ రాత్రి రీల్స్ బదులు అది ఒక పదిసార్లు నొక్కండి. ఏదో ఒక పేజీ మీ ఊరికో, మీ తాతగారు చెప్పిన కథకో దగ్గరగా వచ్చి ఆగుతుంది. అందులో ఏముందో చదవండి. ఏం లేదో కూడా చూడండి. ఆ లేనిది మీ ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉండొచ్చు. పొద్దున లేవగానే అడిగి రాసుకోండి, దానికి ఆధారం ఏ పుస్తకంలో, ఏ శాసనంలో, ఏ పాత పేపర్లో దొరుకుతుందో వెతకండి.

ఎవరో పల్లెటూరివాళ్లు ఓ ఎలుకను ఏమని పిలిచారో ఇంకెవరో శ్రద్ధగా విని రాసుకోబట్టే 'బాండికూట్' అన్న మాట ఈ రోజు ప్రపంచంలో ఉంది. మన దగ్గర అలా రాసుకోవాల్సిన మాటలు ఇంకా బోలెడున్నాయి.